మెత్తళ్ల వేపుడు, యుద్ధనీతి

ఆ రోజుల్లో ఢిల్లీలో సివిల్స్‌కి చదివే తెలుగు కుర్రాళ్ల దగ్గర ప్రపంచంలోని ప్రతి సమస్యకీ పరిష్కారం ఉండేది, సొంత గదిలోని సమస్యకి తప్ప. మయూర్ విహార్‌లో రెండో అంతస్తులో మా గది. నేనూ, నా రూమ్మేటూ. అతనిది కరీంనగర్ వైపు. కూరగాయల బేరమైనా యుద్ధం భాషలోనే మాట్లాడేవాడు కాబట్టి కమాండర్ అని పిలిచేవాళ్లం. (నన్ను శాంతిదూత అనేవాడు. మెచ్చుకుని మాత్రం కాదు.) మా ఎదురు వాటాలో నర్సుగా పనిచేసే సిస్టరక్క ఉండేది. నరసాపురం దగ్గర ఊరు.

మా నెత్తిమీద, మూడో అంతస్తులో, కూలర్ అంకుల్. ఎండాకాలమంతా ఆయన కూలర్ నీళ్లు తిన్నగా మా బాల్కనీలో ఆరేసిన బట్టల మీద కారేవి. వెళ్లి మొరపెట్టుకుంటే, “అరే బేటా, పానీ హీ తో హై, థోడా అడ్జస్ట్ కరో” అనేవాడు. చీపురు కర్రతో పైకప్పు మీద పొడిస్తే ఇంకో బిందెడు దిగేది. సిస్టరక్క అద్దెకున్న వాటా కూడా ఆయనదే. మాంసం, చేప వండకూడదన్న షరతు మీద ఇచ్చాడు. అందుకే ఇంటినుంచి వచ్చిన ఎండు మెత్తళ్ల పొట్లాన్ని అక్క మా చేతిలో పెట్టి, “మీ ఓనరు ఏమీ అనడు కదరా, వీలు చూసుకుని వేపి నాకో గుప్పెడు పడేయండి” అంది. దాన్ని అటక మీద దాచాం.

ప్రతి ఆదివారం నీతిశాస్త్రం పేపరు కోసం చీటీలు తీసి వాదించుకోవడం మా అలవాటు. ఎవరికి ఏ పక్షం వస్తే ఆ పక్షమే ప్రాణం. ఆ వారం విషయం, యుద్ధం ఆపడానికి అణుబాంబు వెయ్యడం న్యాయమేనా అని. న్యాయమేనన్న చీటీ కమాండర్‌కి వచ్చింది. “లడాయి సాగుతనే ఉంటే ఇంకెంతమంది సస్తుండిరి? ఒక్క దెబ్బతోని ఖతమైతే బతికినోళ్లే ఎక్కువ” అన్నాడు. నేను విజృంభించాను. బాంబు పడ్డ పొద్దున బడికి బయల్దేరిన పిల్లలకి ఆ యుద్ధంతో ఏం సంబంధమని అడిగాను. శత్రువులు లొంగిపోవడానికి సిద్ధంగానే ఉన్నారేమో, ఇంకొన్నాళ్లు ఆగాల్సింది కదా అన్నాను. కనీసం ముందు ఎవరూ లేని చోట వేసి చూపించాల్సింది అన్నాను. న్యాయనిర్ణేతగా కూర్చున్న అక్క, “ఇద్దరూ బాగానే చెప్పారు గానీ, ఆ పిల్లల మాట విన్నాక టీ దిగట్లేదురా” అని గ్లాసు అలాగే పెట్టేసి వెళ్లిపోయింది. మేం మాత్రం ఎవరు గెలిచారని ఇంకాసేపు కొట్టుకున్నాం. అంతటి ఘోరాన్ని బిస్కెట్లు నములుతూ వాదించిన వయసు అది.

మర్నాడు పొద్దున కమాండర్ ఇంటర్వ్యూ కోసం దాచుకున్న తెల్లచొక్కా మీద తుప్పు నీళ్ల మరక కనిపించింది. తిన్నగా వెళ్లి అటక మీంచి పొట్లం దించాడు. “ముందు పొట్లం చూపించి హెచ్చరిద్దాం” అన్నాను. “సూపిస్తే ఏమైతది? అచార్ అనుకుంటడు” అన్నాడు. నేను ఊరుకున్నానా, మూకుడు అందించడానికి ససేమిరా అన్నాను. (వేగాక నాలుగు నోట్లో వేసుకున్నమాట నిజమే. పారేస్తే పాపం కదా.) తలుపు బార్లా తీసి, స్టవ్ వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. వాసన పైకెళ్లింది. పైకే వెళ్లి ఊరుకుంటే బాగుండేది. కింద వాటాలో ఉంటూ అప్పుడప్పుడూ మాకు మజ్జిగపులుసు లాంటి కఢీ పంపే ముసలి దాదీ పూజ మధ్యలో ఆపేసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఎండలోకి వెళ్లి కూర్చుంది.

అంకుల్ దిగనే దిగాడు. మా వైపు చూడకుండా నేరుగా సిస్టరక్క తలుపు కొట్టాడు. “మైనే మనా కియా థా నా? ఇసీ మహీనే ఘర్ ఖాలీ కర్ దో!”

నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే పడుకున్న మనిషి. “నహీ భయ్యా, మైనే కుఛ్ నహీ బనాయా” అంటోంది. ఆయన వినడు, ఈ నెలలోనే ఖాళీ చెయ్యాలంటాడు. ఒంటరి ఆడమనిషికి, అందులో చేపలు తినే మనిషికి, ఆ ఊళ్లో ఇల్లు దొరకడానికి ఎన్ని గడపలు ఎక్కాలో మాకు తెలుసు. అక్క ఎక్కిందీ తెలుసు. అక్క ఆయన భుజం మీదుగా మా తలుపులోంచి మూకుడు చూసింది. మా పేరు మాత్రం చెప్పలేదు.

అమాయకుల గురించి అనర్గళంగా మాట్లాడిన నేను గుమ్మం దగ్గరే కొయ్యబారిపోయాను. కమాండర్ స్టవ్ ఆపి, చేతిలో గరిటెతోనే బయటికొచ్చాడు. “అంకుల్, హమ్‌నే బనాయా. దీదీ కీ కోయీ గల్తీ నహీ. ఖాలీ కర్నా హై తో హమ్ కరేంగే.” అతని వెనక నించుని నేను “హా అంకుల్” అన్నాను. ప్రపంచశాంతికి నా వంతు సేవ అంతే.

“క్యోఁ కియా?” అన్నాడు అంకుల్. కమాండర్ చొక్కా తెచ్చి చూపించాడు. ఆయన ఆ మరక చూసి, పైకెళ్లి ఓ కొత్త పైపు చుట్ట పట్టుకొచ్చాడు. కూలర్ నీళ్లు పక్కకి మళ్లించడానికి నిన్ననే కొన్నాడట, బిగించేవాడు ఆ రోజే రావాలట. “కల్ హీ లాయా థా. మిస్త్రీ ఆజ్ ఆనేవాలా థా.”

“బతానా తో థా అంకుల్!” అన్నాడు కమాండర్.

“తుమ్‌నే బతాయా థా?” అన్నాడాయన, మూకుడు వైపు వేలు చూపిస్తూ.

ముందుగా ఓ మాట చెప్పకపోవడంలో ఇద్దరం ఇద్దరమే. అక్క గోడకి జారగిలబడి, “నా కొంప ముంచారు కదరా, సచ్చినోళ్లారా” అంటూ నవ్వడం మొదలెట్టింది. కళ్లు మాత్రం తుడుచుకుంటూనే ఉంది. సాయంత్రానికి పైపు బిగించారు. ఖాళీ చెయ్యమన్న మాట మళ్లీ రాలేదు. కింద దాదీకి క్షమాపణ చెప్పడానికి వెళ్తే, “ఒంట్లో బాగాలేదా బేటా, ఏం మాడ్చుకున్నారు?” అని హిందీలో అడిగి, ఓ గిన్నెడు కఢీ ఇచ్చి పంపింది. దానికంటే తిట్టినా బాగుండేది.

కమాండర్ ఇప్పుడు నిజంగానే ఆఫీసరు. ఫోన్ చేసినప్పుడల్లా “నా దెబ్బకే పైపు పడ్డది” అంటాడు. “ముందురోజే కొన్నాడు కదయ్యా” అంటాను. నేను ఆఫీసరు కాలేదు, కోచింగ్‌లో పిల్లలకి అదే నీతిశాస్త్రం చెబుతున్నాను. ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో ఇల్లు. మొన్న వేసవిలో మా ఏసీ నీళ్లు కింద ఫ్లాట్ కుర్రాళ్ల బాల్కనీలో పడుతున్నాయట, వచ్చి చెప్పారు. “థోడా అడ్జస్ట్ కరో బేటా” అనేశాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని గ్రహించడానికి కాస్త టైం పట్టింది. ఆ సాయంత్రమే పైపు కొన్నాను. మిస్త్రీ రేపొస్తానన్నాడు. పేపరు తీసుకుని కూర్చున్నవాణ్ని మళ్లీ లేచి, చెప్పులేసుకుని కిందికి దిగాను.

తలుపు తీసిన కుర్రాడు బిత్తరపోయి, “జీ, అంకుల్?” అన్నాడు.

పైపు కొన్నాననీ, రేపు బిగిస్తారనీ చెప్పాను. ఇంత చిన్న ముక్క కోసం ఈయన మెట్లు దిగి రావడమేమిటని వాడి ముఖంలో ఆశ్చర్యం. లోపల్నుంచి పప్పు తాలింపు వాసన తప్ప ఇంకేమీ రావడం లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ‘అంకుల్’ అన్న మాట మాత్రం మెట్లన్నీ ఎక్కేదాకా నా వెనకాలే వచ్చింది.