నాన్న కాకి స్నానం

పోయిన వారం అమ్మ, నేను, మా అమ్మాయి కెనడాలోని రిచ్‌మండ్ హిల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ అమెరికా బోర్డర్ దాటి, మ్యూజియంగా మార్చిన పాత అణు జలాంతర్గామిని చూసొచ్చాం. లోపల బీరువాలాంటి ఇరుకు షవర్ ఒకటి చూపించి, అణుశక్తి పుణ్యమా అని సముద్రపు నీటినే మంచినీళ్లుగా మార్చుకునేవారని, స్నానాలకు లోటుండేది కాదని గైడ్ చెప్పాడు.

వైజాగ్ నేవీ క్వార్టర్స్‌లో నాతో పెరిగినవాళ్లకు మా నాన్న కాకి స్నానం గుర్తుండే ఉంటుంది. సబ్‌మెరైన్ దిగి ఇంటికొస్తే యూనిఫాం నిండా డీజిల్ వాసన. అమ్మ నీళ్లు కాచి బకెట్ నిండా తోడిపెట్టేది. నాన్న మాత్రం ఆ ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గుతో నాలుగు మగ్గులు పోసుకుని వచ్చేసేవాడు. మిగిలిన నీళ్లు చూసి మనందరం ఎంత నవ్వేవాళ్లమో.

“డిడ్ తాతయ్య గెట్ షవర్స్ టూ?” అని మా అమ్మాయి అడిగింది.

“లేదు తల్లీ. తాతయ్యది డీజిల్‌తో నడిచేది. అందులో నీళ్లు తాగడానికే కొలిచి ఇచ్చేవారు,” అంది అమ్మ.

ఈ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు. “ఎలాగూ వదిలేస్తాడని తెలిసి కూడా బకెట్ నిండా ఎందుకు పెట్టేదానివమ్మా?” అన్నాను.

అమ్మ ఆ షవర్ కుళాయిని ఒకసారి తిప్పి చూసింది. “ఇంటికొచ్చేశానని మీ నాన్నకి నమ్మకం కుదిరిన రోజున నీళ్లు చాలొద్దూ?” అంది.