మీ చెలక, మా చెలక

కొడుకుల్లేని ఇంటికి అల్లుడిగా పోయి అక్కడే ఉండిపోవడాన్ని మా వైపు ఇల్లుటం అంటారు. నేను అట్లా పోయినవాణ్ణే. పోయిన రెండేళ్ళలో మా మామతో 'మీ ఇల్లు, మీ ఎడ్లు, మీ చెలక' అనే మాట్లాడాను తప్ప పొరపాటున కూడా 'మన' అనలేదు. అది ఆయన గమనించకపోలేదు. గమనించనీ అనుకున్నాను.

మాది పెద్దపల్లి దగ్గర వరి పొలాల ఊరు. గట్టు మీద నిలబడితే పక్క ఊరి దాకా కనిపించేది. మామ చెలక వానకు పండే మెట్ట భూమి, కాగజ్‌నగర్‌కు ఇవతల, అడవిలో. ఎటు తిరిగినా టేకు, మద్ది, మోదుగ. ఆకాశం చూడాలంటే మెడ ఎత్తాలి. నాకక్కడ ఊపిరాడేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కాగజ్‌నగర్ కాగితాల మిల్లులో పనిచేసే మా పెద్దనాన్న కొడుకు కబురు పంపాడు. సోమవారం పొద్దున్నే వస్తే పనిలో పెట్టిస్తాడట, రాకపోతే ఇంకొకర్ని తీసుకుంటారట. ఈ అడివి వదిలి అక్కడే కాపురం పెట్టొచ్చని నేనూ నా భార్యా లోలోపలే సంబరపడ్డాం. మామను ఒప్పించడం నా వంతు. ఇక మిగిలింది ఆదివారం ఒక్కటే.

ఆ ఆదివారం తెల్లారేసరికి మామ గొడ్డలి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"లే అల్లుడా! అడివి పందులు జొన్నంత ఖరాబు చేస్తున్నయి. గియ్యాల కంచె ఐపోవాలె."

సరే, పని చేస్తూనే అడుగుదాం అనుకున్నాను. కంచె పనిలో మాటలెక్కడ కుదురుతాయి, నా తలకాయ! గడ్డపారతో గుంతలు తవ్వి గుంజలు పాతాలి. ముళ్ళ కంపను పంగలకర్రతో ఎత్తి గుంజల మధ్య తొక్కిపెట్టాలి. మోదుగ నారతో బిగించాలి. చూపు పక్కకు పోయిందా, ముల్లు అరచేతిలో దిగిందే.

"మామా, జర ఒక మాట..."

"మాటలు తర్వాత. గుంజ వట్టు."

మళ్ళీ కాసేపటికి "మామా" అంటే, "నొక్కు, గట్టిగ నొక్కు" అన్నాడు. ముసలాయన మహా మొండి. నేనేదో అడగబోతున్నానని పసిగట్టే అట్లా చేశాడని ఇప్పటికీ నా అనుమానం.

మధ్యాహ్నానికి మూడు వైపులా కంచె లేచింది. లోపల నిలబడి కడుతున్నాం. పందుల్ని బయట పెడుతున్నట్టు కాదు, నన్ను లోపల పెడుతున్నట్టు అనిపించింది. అరచేతులు చీరుకుపోయి ఏడుపొచ్చింది. అది చూసి ఆయన "పాపం, వరి పొలాల చేతులాయె" అని ఎకసెక్కమాడాడు.

పొద్దు వాలేసరికి ఒక్క సందు మిగిలింది. నార తేవడానికి మామ చెట్ల వెనక్కి పోయాడు. రాగానే అడిగెయ్యాలని మాటలు కూడబలుక్కుంటుంటే ఆ సందులోంచి మేకలు జొరబడ్డాయి. వాటి వెనక పక్క ఊరి మేకల కాపరి తాపీగా వస్తున్నాడు.

"ఏయ్! మేకల మర్లగొట్టు!" అని అరిచాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "చెప్పనీకి నువ్వెవడివి? ఇల్లుటం వచ్చినోనివి. భూమి గలాయన చెప్తె మర్లగొడ్త."

ఒళ్ళు భగ్గున మండింది. పంగలకర్ర ఎత్తి మీదికి పోయాను.

"ఎవల వట్టుకొని ఏమంటున్నవురా? ఇది మా చెలక! నా చేతులతోని కట్టిన కంచె! ఇంకోసారి ఇటు మొకం వెడితె కాళ్ళిరగ్గొడ్త!"

వాడు గొణుక్కుంటూ మేకల్ని తోలుకుపోయాడు. వెనక్కి తిరిగితే మామ నార పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్ళనిండా నీళ్ళు.

"ఇన్నొద్దులకు 'మా చెలక' అన్నవు బిడ్డా" అన్నాడు. ఎప్పుడూ అల్లుడా అనే మనిషి.

ఇక ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ సందుకు ఇద్దరం కలిసి తడక కట్టి ఇంటికొచ్చాం.

నా భార్య అప్పటికే బట్టలు మూటగట్టి, తలుపు చాటున నిలబడి ఉంది.

"అడిగినవా?"

"లే."

జరిగిందంతా చెప్పాను. "మీ బాపు ఏడ్చిండే. ఎట్లడుగుత? ఇగ ఈడనే సచ్చుడు. రెండేండ్లకే నా పాణం వోతున్నది గీ అడివిల" అని తల పట్టుకుని కూర్చున్నాను.

ఆమె నావైపు చూడలేదు. మూట ముందు కూర్చుని ముడి విప్పింది.

"నువ్వు రెండేండ్ల కింద వచ్చినవు. నేను ఈడనే పుట్టిన" అంది.