అమ్మలేకపోయిన ఆకాశం

2022వ సంవత్సరం సంగతి. మస్కట్‌లో ఘాలా అనే ఇండస్ట్రియల్ ఏరియాలో నాకు ఫోటో ఫ్రేముల షాపు ఉంది. ఒకపక్క టైర్ల గ్యారేజీ, ఇంకోపక్క ఏసీ రిపేరు షాపు. పొద్దున్నే కంపెనీ బస్సులు లేబర్‌ని ఎక్కించుకుపోయాక గానీ మా సందుకు ఊపిరాడదు. ఇలాంటి చోట ఫ్రేముల షాపు ఏమిటని చాలామంది అడుగుతారు. అద్దె తక్కువ. మా వంశంలో ఏ ప్రశ్నకైనా చివరికి తేలే జవాబు ఇదే.

మాది జగిత్యాల. తాత బెల్లం అమ్మాడు, నాన్న స్టీలు సామాను అమ్మాడు, మేనమామ గాజులు. మా ఇళ్ళలో పిల్లలు అమ్మా అనడం, "ఇంకొకటి చూపించనా" అనడం ఒకేసారి నేర్చుకుంటారు. ఆ గర్వం నాకూ దండిగా ఉండేది. గోడకు మేకు కొట్టనివ్వని లేబర్ క్యాంపు రూముల్లో ఉండేవాళ్ళకు కూడా దేవుడి పటాలు అమ్మినవాణ్ణి. మేకు సంగతి ఎవరైనా అడిగితే, "మంచం మీద ఆనిచ్చి పెట్టుకోండి, దేవుడు ఇంకా దగ్గరుంటడు" అనేవాణ్ణి. అలాంటి నేను ఒక్క బేరంలో ఓడిపోయాను. ఆ సంగతే రాస్తున్నాను.

కామేశ్వరరావు గారు బౌషర్‌లో ఉండేవారు. కాకినాడ మనిషి. ఒక కన్సల్టెంట్ ఆఫీసులో రోడ్ల ఇంజినీరు. శుక్రవారం సెలవు కదా, తెల్లవారకముందే కారు తీసుకుని ఖురియాత్ వెళ్ళి, సముద్రపు పాయ ఒడ్డున కూర్చుని నీటిరంగుల్లో బొమ్మలు వేసేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలి ఇంగ్లీషు సర్వేయరు పక్కన కూర్చుని నేర్చుకున్నారట. ఇంగ్లండ్‌లో పొలాలు, చెట్లు, మబ్బులు వేసే పాత పద్ధతి అది. వేసిన ప్రతి బొమ్మా నా దగ్గరికే ఫ్రేముకు తెచ్చేవారు.

మొదటి బొమ్మ చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. అడుగున ఒక గోధుమరంగు గీత, దాని మీద నాలుగు పచ్చటి మరకలు, ఒక పడవ. పైన ముప్పావు వంతు తెల్ల కాగితం.

"సగం పైగా ఖాళీయే కదండీ గుప్తా గారూ. రేటు కూడా సగమే వెయ్యండి," అన్నారాయన.

"అద్దానికి ఖాళీ తెల్వదు, నిండు తెల్వదు సార్. కొలత ఒక్కటే తెలుస్తది," అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. మేమిద్దరం స్నేహితులమైంది ఆ మాటతోనే.

నీటిరంగుల బొమ్మ ఫ్రేము చేయడం కాస్త నాజూకు పని. బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంట్ అని దళసరి అట్టను కిటికీలా కోసి పెడతాం. అది లేకపోతే ఇక్కడి ఉక్కకు కాగితం అద్దానికి అతుక్కుపోతుంది. నేను మౌంట్ కోస్తుంటే ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పేవారు. చెప్పకపోతే ఆయనకు తోచదు. వినకపోతే నాకు ఇంకో ఫ్రేము రాదు. అలా మొదలైంది నా చదువు.

"తెల్లరంగు వాడరండీ ఈ పద్ధతిలో. వెలుగు కావాలంటే కాగితాన్ని వదిలెయ్యాలి. వెలుగుని వెయ్యలేం, వదలగలమంతే," అనేవారు.

"వాష్ అంటే నీళ్ళెక్కువ కలిపిన రంగు. ఒక్కసారే లాగాలి. మళ్ళీ మళ్ళీ దిద్దారా, బురదే! ఇంగ్లండ్‌లో తడి ఆరడానికి టీ తాగి రావచ్చు. ఇక్కడ బ్రష్ ఎత్తేలోగా ఆరిపోద్ది. అందుకే నాకు సూర్యుడితో పోటీ."

ఒకసారి నేను, "ఇంగ్లండ్ వాన దేశం సార్, ఇది దుమ్ము దేశం. ఆ పద్ధతి ఇక్కడెట్ల కుదురుతది?" అని అడిగాను.

"అక్కడ వాన చేసే పని ఇక్కడ దుమ్ము చేస్తోంది కదండీ! రెండూ దూరాన్ని పల్చన చేస్తాయి," అన్నారు. అని, బిల్లు పుస్తకంలో ఒక చెత్త కాగితం చింపించుకుని, టీ చుక్కలో వేలు ముంచి ఒక కొండ గీశారు. వెంటనే వేలు నాలుక మీద తడి చేసుకుని కొండ అంచును మెల్లగా రుద్దారు. కొండ వెనక్కి, దూరంగా వెళ్ళిపోయింది. "ఎక్కువైందనిపిస్తే ఇలా తడివేలితో లేపెయ్యాలి. కలపడం కంటే తియ్యడం ముఖ్యం," అన్నారు.

ఒక బొమ్మ ఆయన నా షాపు గోడకే వదిలేశారు. నా గోడ నిండా జలపాతాలు, గుర్రాలు, బంగారు అంచుల పటాలు. వాటి మధ్య ఆ బొమ్మ పొరపాటున తగిలించిన కాగితంలా ఉండేది. ఏ కస్టమరూ దాని ధర అడగలేదు. కానీ మధ్యాహ్నం బేరాల్లేని వేళ నా చూపు జలపాతాల మీంచి జారి అక్కడికే వెళ్ళేది. ఒకరోజు వట్టి కాగితమున్న చోట నాకు నీళ్ళు కనిపించాయి. ఇంకోరోజు ఆ నీళ్ళ మీద, అప్పుడే పైకి రాబోతున్న ఎండ కనిపించింది. అక్కడ ఒక్క గీత కూడా లేదు. దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి మరీ చూశాను. కాగితమే. నాలుగడుగులు వెనక్కి వచ్చాను. సముద్రమే.

ఆ ఏడాది చలి మొదలయ్యే రోజుల్లో, ఒక శుక్రవారం ఖురియాత్‌లో బొమ్మ వేస్తూ ఆయన పడిపోయారు. చేపలు పట్టేవాళ్ళు చూసి ఆసుపత్రికి చేర్చారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఆసుపత్రివాళ్ళు చేయగలిగింది చేసి ఇంటికి పంపేశారు. ఆయన కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. మనుషుల్ని గుర్తుపట్టేవారు. అయితే అన్నం తినిపించబోతే నోరు తెరిచేవారు కాదు, ముక్కులో వేసిన గొట్టంతోనే పాలూ జావా.

ఈ సంగతులన్నీ ఆయన భార్య లలిత గారు షాపుకొచ్చి చెప్పారు. అదివరకు నన్ను గుప్తా గారూ అనేవారు, ఆ రోజు అన్నయ్యగారూ అన్నారు. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచారు. చేపలవాళ్ళు ఆయనతోపాటు తెచ్చిచ్చిన ఆఖరి బొమ్మ.

అడుగున తడి ఇసుక. దానికి ఎడంగా, బూడిదరంగు ఒకటే వాష్‌లో కొండ. నాలుగు చుక్కల్లో పక్షులో, బండలో. అంతే. పడవ లేదు, మనిషి లేడు. మిగతాదంతా తెలుపు. అన్ని బొమ్మల్లోకీ అదే గొప్పదని చెప్పడానికి నేనెవర్ని? కానీ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను.

"దీన్ని పూర్తి చేయించాలి అన్నయ్యగారూ. ఆయన ఏ పనీ సగంలో వదిలిన మనిషి కాదు. ఇదొక్కటే సగంలో ఆగిపోయింది. ఇది పూర్తయి కళ్ళెదురుగా ఉంటే, ఆయనకి మళ్ళీ తినాలనీ లేవాలనీ అనిపిస్తుందని నా నమ్మకం."

"మేడం, ఇది పూర్తయిన బొమ్మేమో..."

"ఎక్కడండీ పూర్తయింది? ఆకాశమే లేదు!"

అప్పుడు నాకు టేపు గుర్తొచ్చింది. ఈ పనిలో కాగితాన్ని చెక్క మీద పరిచి నాలుగువైపులా టేపు వేస్తారు, తడికి ముడతలు పడకుండా. బొమ్మ అయిపోయి ఆరాకే టేపు పీకుతారు. ఈ కాగితానికి టేపు లేదు. నాలుగంచులూ తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. గెలిచాననుకున్నాను.

"చూడండి మేడం, టేపు తీసేసిండ్రు. అంటే సార్ పని అయిపోయింద..."

"టేపు నేనే పీకానండీ. చెక్కతో సహా సంచీలో పట్టలేదు."

సాక్ష్యం కాస్తా పోయింది. గోడ మీది బొమ్మ దించి చూపించాను. "ఇందులో కూడా ఆకాశం వెయ్యలేదు కదా మేడం, అయినా ఉన్నది చూడండి."

"అందులో పడవుంది. ఇందులో ఏముందో చెప్పండి మీరే," అన్నారామె, తెల్లగా ఉన్నచోట వేలు పెట్టి.

ఏముంది? ఇత్తడికి బంగారం మాటలు చెప్పే నోరు నాది. తూకంలో తగ్గిన స్టీలు గిన్నెను "తేలిక, చేతులు నొప్పెట్టవు" అని అమ్మిన నాన్న కొడుకుని. ఆ నోరు తెరిచి, "అది... పొద్దు మేడం. ఇంకా రాని పొద్దు," అన్నాను.

ఆమె నావైపు జాలిగా చూశారు. నిద్రలేని కళ్ళు. "మీరు మంచివారు, ఓదారుస్తున్నారు. నాకు ఓదార్పు వద్దండీ, ఆయన కావాలి. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఇంకోచోట చేయిస్తాను."

"నా దగ్గర బొమ్మలేసేటోళ్ళు లేరు మేడం," అన్నాను. అది నిజమే గానీ, ఎదురుగా మస్తాన్ షాపు ఉందన్నది కూడా నిజమే. కడప మనిషి, సైన్‌బోర్డులు రాస్తాడు. పాతబడిన ఫోటోలకు రంగులు దిద్దుతాడు. ఆమె నేరుగా రోడ్డు దాటి అక్కడికే వెళ్ళారు.

కాసేపటికి మస్తాన్ నా దగ్గరికొచ్చాడు. "ఏంన్నా, ఆ సారు రంగు అయిపోయి ఇడిసిపెట్టినాడా ఏంది? ఇంత జాగా ఖాళీగా ఉండాది!"

"దాన్ని ముట్టుకోకు భాయ్. అది అట్లనే ఉండాలె."

"నువ్వు జెప్తావులే. ఆయమ్మ ఏడుస్తా అడిగింది. ఏడ్చే మనిషికి కాదని ఎట్ల జెప్పేది? నువ్వు జెప్పినావా?"

నేనూ కాదని చెప్పలేదు, మనుషులు లేరని చెప్పాను. మావాళ్ళు కస్టమర్‌కు ఎన్నడూ కాదని చెప్పరు. స్టాకు లేదంటారు.

మస్తాన్ మోసగాడు కాదు, పని దొంగ అంతకన్నా కాదు. ప్రాణం పెట్టి చేశాడు. పై నుంచి కింద దాకా చక్కటి నీలం. తెల్ల మబ్బులు రెండు. కొంగల బారు. ఒక పడవ, పడవలో తెడ్డేసే మనిషి. పైగా అవి బోర్డులకు వాడే రంగులు. వానకూ ఎండకూ పోవు. నీళ్ళతో రుద్దినా లేవవు.

లలిత గారు మురిసిపోయి తెచ్చారు. "ఇప్పుడు చూడండి, నిండుగా ఎలా ఉందో!" నేను మౌంట్ కోశాను. నా కత్తి ఎప్పుడూ తిన్నగానే తెగుతుంది, ఆ రోజూ అలాగే తెగింది. అద్దం తుడిచి బిగించాను. అద్దానికి ఏమీ తెలియదు కదా.

తగిలించడానికి బౌషర్‌లో వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను. ఆయన దిండ్లకు ఆనుకుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. ఎడమ పెదవి కొంచెం కదిలింది. ఆమె ఫ్రేమును ఆయన ఒళ్ళో పెట్టి, "ఇదిగోండి, మీ బొమ్మ పూర్తి చేయించాను," అన్నారు.

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఎడమచేతిని కష్టం మీద నోటిదాకా ఎత్తారు. వేలు నాలుకకు తాకించుకున్నారు. ఆ తడివేలిని తెచ్చి ఆకాశం మీద పెట్టి, అద్దం మీద మెల్లగా రుద్దడం మొదలుపెట్టారు. పడవ దగ్గరికొచ్చి మళ్ళీ వేలు తడి చేసుకున్నారు. మళ్ళీ రుద్దారు. అద్దం మీద చెమ్మ గీతలు పడుతున్నాయి, ఆరిపోతున్నాయి. దాని కింద నీలం నీలంగానే ఉంది.

"చూశారా అన్నయ్యగారూ, ఎంత ప్రేమగా నిమురుతున్నారో! నేను చెప్పలేదూ?" అన్నారామె, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన తల తిప్పి నావైపు చూశారు. నేను మేకులు వెతుక్కుంటున్నట్టు సంచీలోకి వంగాను. ఆ రోజు మంచానికి ఎదురుగోడకు ఆ పటం తగిలించింది నేనే. ఒంకర లేకుండా, లెవెల్ చూసి మరీ తగిలించాను. ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు.

మరుసటి వారం లలిత గారు ఫోన్ చేశారు. అన్నం ఇంకా ముట్టడంలేదన్నారు. పటం ఎత్తు ఎక్కువైందేమో, కాస్త కిందికి దించితే బాగా కనిపిస్తుందా అని అడిగారు. వెళ్ళి దించాను. కొత్త ఏడాది వచ్చాక, ఎండలు ముదరకముందే ఆయన పోయారు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చెప్పాలి. ఇప్పుడు ఎవరైనా నీటిరంగుల బొమ్మ తెస్తే, చేతిలోకి తీసుకోకముందే, "ఇది అయిపోయిందా? వేసినవాళ్ళు చెప్పారా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు. మరకలకూ గీతలకూ ధర చెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. ఏమీ వేయని చోటు విలువ ఇంకొకరికి చెప్పి ఒప్పించే విద్య మాత్రం ఇప్పటికీ రాలేదు. నా గోడ మీది బొమ్మ అక్కడే ఉంది. దాని ధర ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.

కాకినాడ వెళ్ళిపోయే ముందు లలిత గారు ఆ పటాన్ని ప్యాకింగ్ చేయించడానికి షాపుకు తెచ్చారు. నేను బబుల్ షీట్ చుడుతుంటే అద్దం మీద చెయ్యి వేసి ఆపారు.

"ఒక్క మాట అడుగుతాను అన్నయ్యగారూ. ఆయన పనితనం తెలిసినవారు మీరు. ఆయనకిది నచ్చింది కదూ?"

"చాలా నచ్చింది మేడం. నేను చూసిన కదా," అన్నాను.

ఖాళీ ఆకాశాన్ని ఎన్ని మాటలు చెప్పినా ఆమెకు అమ్మలేకపోయాను. ఈ అబద్ధాన్ని మాత్రం ఒక్క మాటకే కొనుక్కుని వెళ్ళారు.