గోడ మీద ఆవిడ ఫొటో

ఏడేళ్లుగా ఒక మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

గుంటూరులో ఒక పెద్ద బట్టల షాపింగ్ మాల్‌లో సెక్యూరిటీగా చేసేదాన్ని. ఆడవాళ్ల సంచులు చూడటం, కెమెరాల తెర ముందు కూర్చోవడం నా పని. దొంగతనం చేసినవాళ్ల ఫొటోలు గేటు పక్క గదిలో గోడకి అంటించేవాళ్లం. వాళ్లని మళ్లీ లోపలికి రానివ్వకూడదు.

ఒకరోజు పట్టుచీర ఒకటి పోయింది. ఆకుపచ్చ చీర కట్టుకున్నావిడ దాన్ని సంచిలో పెట్టుకోవడం రికార్డింగులో కనపడింది గానీ ముఖం కనపడలేదు. మెట్ల దగ్గర కెమెరాలో ఆకుపచ్చ చీరావిడ ముఖం దొరికితే ఆ ఫొటోనే తీసిచ్చాను. సూపర్‌వైజర్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. మర్నాడు ఆ రెండు రికార్డింగులూ మళ్లీ చూశాను. ఇద్దరూ వేరు. చీర అంచు వేరు, నడక వేరు.

అప్పుడే చెప్పాల్సింది. ఎందుకు చెప్పలేదు? భయమా? ఆ మెప్పు పోతుందనా? ఫొటోలో ఆవిడ మళ్లీ ఎందుకొస్తుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక కాబట్టి అనుకున్నాను.

ఆవిడ వచ్చింది. కూతురి పెళ్లిబట్టలకి, కాబోయే వియ్యపురాలితో కలిసి. గేటు దగ్గర గార్డు ఆపేసి నన్ను పిలిచాడు.

"నేను ప్రత్తిపాడులో టీచర్‌నమ్మా. నన్నెందుకు ఆపారు?" అని ఆవిడ నన్నే అడిగింది.

"మీ ఫొటో ఉందండి లోపల. దొంగల ఫొటోల్లో," అన్నాడు గార్డు.

ఆవిడ నా వైపే చూస్తోంది. "నువ్వైనా చెప్పమ్మా. పొరపాటు పడ్డారేమో చూడు."

"నాకు తెలీదండి. రూల్ అంతే," అన్నాను తల దించుకుని.

వియ్యపురాలు ఆవిడ చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, రోడ్డు మీదికెళ్లి ఆటో ఎక్కేసింది. టీచర్‌గారు పైట సర్దుకుని, తలొంచుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఫొటో చింపేశాను. ఎవరూ అడగలేదు. కొన్నాళ్లకి ఉద్యోగం మానేశాను. ఒకసారి ప్రత్తిపాడులో బస్సు దిగి బడి దాకా వెళ్లాను. వరండాలో పిల్లలకి పాఠం చెబుతూ కనపడ్డారు. జుట్టు నెరిసిపోయింది. ఆ పెళ్లి జరిగిందో లేదో అడిగే ధైర్యం లేక ముందొచ్చిన బస్సు ఎక్కేశాను.

ఆవిడ దొంగ కాదు. ఆ రోజు గేటు దగ్గర అంతమందిలో ఆవిడ కాక ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసే తల దించుకున్నాను.