ఒక్క దెబ్బ తప్పెట

హౌరా పక్కన, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక పాత క్లబ్బు గదిలో ప్రతి ఆదివారం మా తెలుగు బడి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, మామూలు బడిలో ఇంగ్లీషు, హిందీ. ఇన్నిటి మధ్య నలిగే పిల్లలకి నేను అక్షరాలు దిద్దిస్తాను. అక్షరాలంటే వాళ్లకి ఆవులింతలే. అందుకని నెలకోసారి ఎవరో ఒకరిని అతిథిగా పిలవడం మొదలుపెట్టాం. ఒకావిడ అరిసెల పాకం చూపించింది. ఇంజను డ్రైవరొకాయన సిగ్నళ్ల కబుర్లు చెప్పాడు. ఆ పూటల్లో పిల్లలు తెలుగులోనే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు. పంతులమ్మకి అంతకన్నా ఏం కావాలి?

అలాగే ఒక తాతని పిలిచాం. కార్పొరేషన్‌లో నీళ్ల పైపుల పని చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు సొంతూళ్లో, కుర్రతనంలో తప్పెటగుళ్లు ఆడేవాడట. గుండెల మీద తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ ఎగిరే ఆట అది. గొప్పలు చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

“ఏటమ్మా, నాను తప్పెట కొట్టినానంటే మీ యార్డులో బళ్లు ఆగిపోవాల!” అన్నాడు.

ఆ ఆదివారం సాయంత్రమే లోకల్‌లో హౌరా వెళ్లి, అక్కడ బండెక్కి ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. ఇక తిరిగి రాడు. “మద్దేనం ఒచ్చి గుంటలకి ఒక దరువు నేర్పీసి, అట్నించటే ఎలిపోతాను” అని మాటిచ్చాడు. పిల్లలు బిస్కెట్ డబ్బా మూతలకి తాళ్లు కట్టి మెళ్లో వేసుకొచ్చారు. వాళ్లకి కావలసింది ఆ ఒక్క దరువే.

అయ్యో, మనవాళ్ల సంగతి తెలిసిందే కదా! గౌరవించడం మొదలుపెడితే ఆపడం చేతకాదు. మా తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు రిటైరైన బ్యాంకు ఆఫీసరు, మంచి మనిషి. “అంతటి కళాకారుణ్ణి సన్మానం లేకుండా పంపిస్తామా?” అన్నారు. ప్రార్థన అయింది. దీపం వెలిగించారు. గడ్డం దాకా పూలదండ, దాని మీద శాలువా. తర్వాత మన జానపద కళల గొప్పతనం మీద ప్రెసిడెంటుగారి ఉపన్యాసం. నేను వెనక నుంచి చేతులూపాను, వాచీ చూపించాను, చివరికి పక్కకెళ్లి చెవిలో చెప్పాను. “ఒక్క నిమిషం మేడమ్” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ తాత కళ్లు తుడుచుకుంటున్నాడు. జన్మలో ఆయనకి శాలువా కప్పినవాళ్లు లేరు. ఆ ముఖం చూసి మైకు లాక్కోలేకపోయాను.

వందన సమర్పణ అయ్యాక రసగుల్లాలు పెట్టారు. అవి తినడం పూర్తయ్యేసరికి ఆయన్ని తీసుకెళ్లడానికి ఊరి నుంచి వచ్చిన అల్లుడు సామాన్లతో గుమ్మంలో నిలబడ్డాడు. తాత గబగబా దండ తీసి, తప్పెట గుండెకి కట్టుకుని, ఒక్క దెబ్బ కొట్టాడు. గది అదిరిపోయింది. పిల్లలంతా ఒక్కసారిగా లేచి మూతలు పట్టుకున్నారు.

“మావా, లోకల్ ఎలిపోతాది!” అని అరిచాడు అల్లుడు.

తాత చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మెల్లగా ముడి విప్పుకున్నాడు. “బళ్లు ఆగిపోతాయన్నాను గదా పంతులమ్మా, ఆగనేదు” అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఫొటోలు చాలానే ఉన్నాయి. అన్నిట్లోనూ శాలువాయే. తప్పెట ఒక్కదాంట్లోనూ లేదు.

మొన్న వానకి కరెంటు పోతే పాఠం ఆపాను. పిల్లలు తాత ఆట మొదలుపెట్టారు. ఒకమ్మాయి తాత అయింది. దుపట్టా దండ, తువ్వాలు శాలువా. ఇంకొకత్తె నీళ్ల సీసా మైకులా పట్టుకుని ప్రెసిడెంటుగారి ఉపన్యాసం దంచేసింది, మాట పొల్లుపోకుండా, చక్కని తెలుగులో. పొట్టచెక్కలయ్యేలా నవ్వాను. అప్పుడు తాత అయిన పిల్ల డబ్బా మూత గుండెకి కట్టుకుని ఒక్క దెబ్బ కొట్టింది. “మావా, లోకల్ ఎలిపోతాది!” అని అందరూ అరిచి చెదిరిపోయారు.

“కొట్టవే, ఇంకా కొట్టు” అన్నాను.

ఆ పిల్ల మూత విప్పుకుంటూ నా వైపు చూసింది.

“అంతే మిస్. తాత అంతే నేర్పాడు.”