రాగుల సంచి మీద కాలేసాబ్ తుపాకి

పెనుకొండలో కుట్టుమిషన్లు బాగుచేసే కాలేసాబ్ ఇరవై ఏళ్ళ కింద తన ఎయిర్ గన్‌తో ఒకే పెల్లెట్‌కు రెండు కౌజు పిట్టలను పడగొట్టాడు. ఇది ఆయన చెప్పిన మాటే. పదేళ్ళు గడిచేసరికి ఆ పిట్టలు నాలుగయ్యాయి. పోయిన ఏడు వాటి పక్కన ఒక కుందేలు కూడా వచ్చి పడింది. కేసులకు భయపడి వేట ఎప్పుడో మానేశాడు గానీ, వేట కథ మాత్రం ఏటేటా పిల్లలు పెడుతూనే ఉంది.

అట్లాంటి మనిషి ఈ మధ్య టీ అంగడిలో పదిమంది ముందు గ్లాసు ఎత్తడం మానేశాడు. కుడిచెయ్యి వణుకుతోంది. టైలర్ పాపన్న అంగడిలో మిషన్‌కు సూది బిగించబోయి నాలుగుసార్లు తప్పాడు. ఆరు మిషన్లున్న పాపన్న అది చూశాడు. మరుసటి రోజు, "రిపేరు తర్వాత చూద్దాంలే సాబన్నా" అన్నాడు. వారం తిరక్కుండానే మిగతా టైలర్లూ అదే పాట ఎత్తుకున్నారు. చెయ్యి మీద నమ్మకం పోతే కాలేసాబ్‌కు పనే లేదు.

ఆ భయంలోనే టీ అంగడిలో నోరు జారింది.

"పై ఆదివారం హిందూపురంలో తుపాకి బల్ల మీద పెట్టి కాల్చే పోటీ ఉండాది. అయిదు పెల్లెట్లు రూపాయి బిళ్ళంత చోట్లో పెడతా. వచ్చి చూడండప్పా, నా చెయ్యి వణకతాదో, మీ నాలుకలు వణకతాయో!"

"వస్తాంలే. బస్సు చార్జీ నువ్వే పెట్టుకోవల్ల" అన్నాడు పాపన్న. అంగడంతా నవ్వింది. కాలేసాబ్ కూడా నవ్వాడు.

తొమ్మిది రోజులే ఉన్నాయి. వేటకని కొన్న తుపాకిని విప్పి ముందర పరిచాడు. స్ప్రింగు కొసలు గరుగ్గా ఉంటే ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. పాత గ్రీజు తుడిచి కొత్తది పల్చగా రాశాడు. బావిలోంచి బకెట్ లాగినంత బరువుగా ఉన్న ట్రిగ్గర్‌ను తేలిక చేశాడు. ధర్మవరంలో ఒక లేత్ మెషిన్ అతనితో కొలతకు పట్టీ చేయించి దూరం చూసే స్కోపు బిగించాడు. బల్ల మీద కదలకుండా కూర్చునేట్టు ముందరి కట్టె కింద చదునైన చెక్క అతికించాడు.

పెరట్లో మట్టిగోడకు అట్ట తగిలించి కాల్చాడు. అయిదు రంధ్రాలూ చపాతీ అంత వెడల్పున పడ్డాయి. ఇదంతా చేతి వణుకే అనుకొని, వడ్రంగుల బిగింపు పట్టీతో తుపాకిని బల్లకు కట్టేశాడు. ఇంకా ఘోరం. ఒకటి పైకి, ఒకటి పక్కకు. రెండు పూటలు అన్నం సయించలేదు.

దిండు గలీబులు కుడుతున్న భార్య బీబీజాన్ చాలాసేపు చూసి నోరు విప్పింది.

"దారం బిగిస్తే కుట్టు ముడుచుకుంటాదని ఊరందరికీ చెప్తావు కదా?"

"అవును, ఏమిప్పుడు?"

"మరి దాన్ని గొంతు పిసికినట్ల కట్టేసినావేమి? పేలేటప్పుడు అది ఎగురుతాండాది. ఎగరనీ."

కాలేసాబ్‌కు రోషం వచ్చింది, ఆ వెనకే సంగతీ బోధపడింది. లోపలి స్ప్రింగు విడిచినప్పుడు తుపాకి వెనక్కొకసారి, ముందుకొకసారి అదురుతుంది. పెల్లెట్ గొట్టం దాటేది ఆ అదురులోనే. ప్రతిసారీ ఒకేలా అదరనిస్తే గురి నిలుస్తుంది. పట్టీ తీసేశాడు. బీబీజాన్ పాత జీన్సు గుడ్డతో సంచి కుట్టి రాగులు నింపింది. తుపాకి దాని మీద సొంతంగా కూర్చుంది. పట్టు లేదు, వేలు మాత్రం ట్రిగ్గర్ మీద. చేతి వణుకు రాగుల దాకా పోనేలేదు. అయిదూ మల్లెమొగ్గంత చోట్లో పడ్డాయి.

కానీ మళ్ళీ కాలిస్తే చెదిరిపోయాయి. పాపన్న ముఖం గుర్తొస్తే చాలు, చెయ్యి దానంతటదే బిగుసుకునేది.

ఆదివారం హిందూపురంలో చింతపండు గోడౌను వెనక స్థలంలో బల్లలు వేశారు. పాపన్న, ఇంకో నలుగురు వెనకే నిలబడ్డారు. కాలేసాబ్ కాల్చిన మొదటి రెండు పెల్లెట్లు ఒకదాన్నొకటి ఆనుకొని పడ్డాయి. మూడోదానికి పాపన్న దగ్గాడు. చెయ్యి తుపాకి కట్టెను పట్టేసుకుంది. కాలేసాబ్ వేలు తీసి, చేతిని బల్ల కిందికి దించి, పిడికిలి తెరిచాడు. చెయ్యి కోడిపిల్లలా కొట్టుకుంటోంది. కాసేపు ఆగి వేలు మాత్రం మళ్ళీ ట్రిగ్గర్‌కు ఆనించి, మిగిలిన మూడూ కాల్చాడు.

పోటీ పెట్టినాయన అట్ట మీద రూపాయి బిళ్ళ పెట్టాడు. అయిదూ దాని కిందికి పోయాయి, ఒక్కదాని అంచు మాత్రం గోరంత బయటికి కనిపించింది. పోటీలో ఆరోస్థానం. ఆరంటే ఏమి, పెనుకొండకు మాత్రం మొదటిస్థానమే.

ఆ సంతోషంలో ఎవరో ఇచ్చిన టీ గ్లాసు అందుకున్నాడు. టీ సగం చొక్కా మీద పడింది. అందరూ చూశారు.

"ఏం సాబన్నా, హిందూపురంలో భూకంపం వచ్చిందా?" అన్నాడు పాపన్న.

కాలేసాబ్ దగ్గర దేనికైనా ఒక కథ తయారుగా ఉంటుంది. ఈసారి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"వణకతాండాదప్పా. ఆర్నెల్లయింది."

పాపన్న గ్లాసు వైపు చూశాడు, అట్ట వైపు చూశాడు.

"సూది పని బీబీజానక్కకిడువు. మిగతాది నువ్వు చూడు. రేపు రెండు మిషన్లు తెస్తా. ఆ రాగుల్ని మాత్రం సంగటి చేసుకొని తినేయొద్దండి."

తిరుగు బస్సు సోమందేపల్లి దాటేలోగా కాలేసాబ్ కథలో రూపాయి బిళ్ళ అర్ధరూపాయి అయింది. చెయ్యి ఒళ్ళో వణుకుతూనే ఉంది. కాలేసాబ్ దాన్ని తువ్వాలు కింద దాచలేదు.