చెల్లెలు తెచ్చిన చేపనూనె గోళీలు

గుండెకు స్టెంట్ వేశాక మా బావ మనిషే మారిపోయాడు. ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు సూపర్‌వైజరు. వడ్ల లారీలు బారులు తీరే రోజుల్లో తిండి వేళకు కూడా ఇంటికి వచ్చేవాడు కాదు. అలాంటిది, నాలుగు మెట్లు ఎక్కాలన్నా ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని ఆగిపోయేవాడు. నేను సూర్యాపేటలో టీచర్ని. అక్కడి గుండె డాక్టరుకు చూపించుకోవడానికి అక్కా బావా మా ఇంటికే వచ్చేవాళ్లు. రాసిన మందులు ఎప్పటికీ వాడాలని డాక్టరు చెప్పిన మాట మాత్రం బావకు మింగుడుపడలేదు.

"గిన్ని గోళీలు మింగుకుంట పోతే కిడ్నీలు ఖతమైతయి బామ్మర్ది" అనేవాడు.

బావకు ఒక్కతే చెల్లెలు. కోదాడలో ఉంటుంది. భర్త పోయాక ఇంటింటికీ తిరిగి విటమిన్లు, బలం గోళీలు అమ్మే పనిలో చేరింది. ఒకసారి హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వచ్చి, అన్నకు చేపనూనె గోళీల డబ్బా, వెల్లుల్లి గోళీల డబ్బా ఇచ్చి వెళ్లింది. అప్పుడు అక్క పొరుగింట్లో ఉంది. అన్నాచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో వినలేదు.

ఆ గోళీలు బావకు తెగ నచ్చాయి. పసుపుపచ్చగా మెరిసే చేపనూనె గోళీని వెలుతురుకు పట్టి నాకు చూపించేవాడు. "తేనెబొట్టు లెక్క లేదా? ఇది మందు కాదు, తిండే" అనేవాడు. అవి వేసుకున్నాక చేపల వాసనతో తేన్పులు వచ్చేవి. శనివారం నీసు ముట్టని మా అక్క ముక్కు మూసుకొని, "ఇయ్యాల్నన్న ఆపరాదూ" అని విసుక్కునేది. ఆయన నవ్వేవాడు. పొద్దున్నే నడకకు కూడా వెళ్లేవాడు. ఆ నవ్వు చూసి మేమంతా గండం గడిచిందనుకున్నాం.

ఒక మధ్యాహ్నం మిల్లులో లారీ తూకం వేయిస్తూ బావ అక్కడే కూలబడ్డాడు. అంబులెన్సులో సూర్యాపేట తెచ్చారు. డాక్టర్లు ఎలాగో ప్రాణం నిలబెట్టారు. కాస్త తేరుకున్నాక, "రక్తం పలచబడే గోళీ రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగాడు.

బావ "బంద్ చేసిన సార్. చేపనూనె గోళీలు వేసుకుంటున్న" అన్నాడు.

డాక్టరు కోప్పడలేదు. అందుకే ఆ మాటలు మరీ గట్టిగా తగిలాయి. "విటమిన్లయినా, చేపనూనె అయినా ఈ మందుకు బదులు కావు. స్టెంట్ మూసుకుపోకుండా చూసేది ఆ గోళీయే. ఆపే ముందు నన్ను ఒక్క మాట అడగాల్సింది" అన్నాడు.

సాయంత్రానికి చెల్లెలు కోదాడ నుంచి పరుగున వచ్చింది. మంచం దగ్గరికి రాకముందే మా అక్క ఎదురెళ్లింది.

"మందులు బంద్ పెట్టిచ్చి నీ డబ్బాలు మింగిచ్చినవ్! సొంత అన్న పానం మీదికే తెచ్చినవ్ గదా!"

"నేను బంద్ చెయ్యమనలేదు వదినా" అంటూ ఆమె అన్న ముఖంలోకి చూసింది. బావ కళ్లు మూసుకున్నాడు. మగతగా ఉందేమో అనుకున్నాను. ఆమె గోడకు ఆనుకొని చాలాసేపు నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు. తర్వాత ఎప్పుడు వెళ్లిపోయిందో చూడలేదు.

బావ ఇల్లు చేరాడు గానీ గుండె సగం బలం పోగొట్టుకుంది. మిల్లు పని మానేశాడు. కొన్ని నెలల తర్వాత ఒకనాడు పరీక్షకు వచ్చి, డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు నాతో అన్నాడు.

"అది చెప్పింది బామ్మర్ది. 'అన్నా, డాక్టర్ గోళీలు మాత్రం ఆపకు, ఇవి వాటికి తోడే' అని మరీ మరీ చెప్పింది. నేనే బంద్ చేసిన."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు బావా?"

"మీ అక్క ముందల సిగ్గైంది. చెల్లె దిక్కు సూడలేక కండ్లు మూసుకున్న."

ఆ సంగతి తెలిసి అక్క ఏడ్చింది. వెంటనే ఫోన్ చేసి, తప్పయిందని చెప్పింది. "పర్వాలేదులే వదినా" అందట ఆమె. ఆ వారమే బావను వెంటబెట్టుకొని కోదాడ వెళ్లాను. ఆమె గోళీలు అమ్మడం మానేసి ఒక టైలరు దగ్గర జాకెట్లు కుడుతోంది. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేసింది. చక్కెర లేని టీ పెట్టి అన్నకు ఇచ్చింది. బావ చెప్పినదంతా తలవంచుకొని విన్నది.

"మందుల సంగతి సరే అన్నా. ఆ రోజు కళ్లు తెరిచి, 'ఇది అనలేదు' అని ఒక్క మాట అంటే నాకు సరిపోయేది. అందరి ముందూ దొంగలా నిలబడ్డా."

బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగని అన్న చెయ్యి పట్టుకోనూ లేదు. మిర్యాలగూడ రమ్మని పిలిస్తే, "చూస్తాలే" అంది. ఇప్పటికీ రాలేదు.

బావ వారం వారం ఫోన్ చేస్తాడు. ఆమె ఎత్తుతుంది. ఒంట్లో ఎలా ఉందని అడుగుతుంది. ఆయన బాగుందంటాడు. ఆ తర్వాత ఇంకేమైనా అంటుందేమోనని ఆయన ఫోన్ చెవికి ఆనించుకొని కూర్చునే ఉంటాడు.